మన్నించమని అడగని నాటకం

ఉగాది కార్యక్రమం ఫ్లయర్‌లో నా నాటకానికి రచయితగా మా ఆయన పేరు వేశారు.

మా ఆయన జీవితంలో ఆఫీసు ఈమెయిళ్ళు తప్ప మరేమీ రాసి ఎరగరు. అయితే మిషిగన్ రాష్ట్రంలో మేముండే ఊరు ట్రాయ్‌లో తెలుగు సంఘం కుటుంబ సభ్యత్వం ఆయన పేరు మీద ఉంది. సంఘం నుంచి కబుర్లన్నీ ఆయన ఈమెయిల్‌కే వస్తాయి. నేను నాటకం పంపించిందీ దాని నుంచే. కింద నా పేరు స్పష్టంగా రాశాను. కార్యక్రమాల కమిటీలో ఎవరూ ఆ పేరు దాకా చదవలేదు. సభ్యుడి పేరు తీసుకుని, ముందు 'శ్రీ' తగిలించి, 'రచన' అన్న మాట పక్కన పెట్టేశారు. నటీనటుల వరసలో నన్నూ వేశారు. నా పేరు తర్వాత 'రచయిత గారి శ్రీమతి' అని ఉంది.

ఆ శనివారం ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బస్తా భుజాన వేసుకుని నిలబడ్డ ఆయన్ని ఒక మిత్రుడు కౌగిలించుకున్నంత పని చేశాడు.

"గురూ, నీలో ఇంత కళ ఉందని ఎప్పుడూ చెప్పలేదే! డైలాగులు నువ్వే రాశావా?"

మా ఆయన బస్తా ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని, "ఏదో అలా..." అని నవ్వారు.

నేను పక్కనే కరివేపాకు ఏరుతున్నాను. కార్లో కూర్చున్నాక అడిగాను.

"అలా నవ్వుతూ నిలబడ్డారేంటండీ? నేను కాదు, మా ఆవిడ అని చెప్పలేకపోయారా?"

"అంతమందిలో ఏం చెప్తాం? పోనీలే, ఇద్దరం ఒకటేగా."

"అయితే సోమవారం ఆఫీసుకెళ్ళి మీరు రాసిన కోడ్ కింద నా పేరు వేయించండి. ఇద్దరం ఒకటేగా."

ఆయన కారు స్టార్ట్ చేశారు.

ఒక ఫ్లయర్ గురించి ఇంత పట్టుదల దేనికని అప్పట్లో చాలామంది అన్నారు. దేనికో చెప్పాలంటే మా కుటుంబం సంగతి చెప్పాలి.

మాది గుంటూరు జిల్లాలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. మా ముత్తాతకి నాటకాల పిచ్చి. పొలాలమ్మి రేకుల హాలు కట్టించాడు. రాజదర్బారు, అడవి, స్మశానం, నందనవనం అంటూ రంగుల తెరలు రాయించాడు. హార్మోనియం వాయించేవాళ్ళకీ, వేషగాళ్ళకీ ఏడాది పొడుగునా భోజనాలు పెట్టాడు. ఆయన పోయేనాటికి భూమి లేదు. తెరలూ, హాలూ, వేషగాళ్ళూ మాత్రం మిగిలారు. మా తాత ఆ మిగిలిన దాన్ని అందుకుని, ఆ నాటక సమాజంలోనే పద్యం పాడే ఒకమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ మా నాయనమ్మ.

చుట్టాలు ఆ రోజు నుంచి మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. 'నాటకాలామె కాలు పెట్టింది, ఇల్లు గుల్లయింది' అన్నారు. ఊరంతా ఆ మాటే నమ్మింది. నా చిన్నప్పుడు మా వీధిలో చిన్నపిల్లలకి కూడా ఆ మాట నోటికి వచ్చు. ఇల్లు గుల్లయ్యాకే ఆవిడ కాలు పెట్టిందని, ఆ తర్వాత ఆ ఇంటిని నిలబెట్టింది ఆవిడ గొంతేనని, మా నాన్న చదువూ మేనత్తల పెళ్ళిళ్ళూ ఆ గొంతు మీదే జరిగాయని ఎవరూ అనలేదు. హాలు ముందు ధాన్యం గోదామయింది. తర్వాత సినిమా హాలు. ఇప్పుడు కల్యాణ మండపం. అది మాదని ఎవరూ చెప్పుకోరు. నేను చెప్పుకుంటాను.

నాయనమ్మ మగ వేషాలకి పెట్టింది పేరు. కిరీటం పెట్టుకుని, మీసం అంటించుకుని, గద భుజాన వేసుకుని వస్తే మా తాత ఎదుట చిన్న వేషంలో నిలబడేవాడట. ఆ రోజుల్లో ఆడ వేషాలు వేసే మగవాళ్ళకి జనం శాలువాలు కప్పేవారు, పతకాలు గుచ్చేవారు. చీర కట్టుకుని ఏడ్చే మగవాడి కోసం బండ్లు కట్టుకొచ్చి ఏడ్చేవారు. మగవాడు చీర కడితే కళ. ఆడది మీసం పెడితే ఆ ఇల్లు చెడింది.

నాటకం మొదలయ్యే ముందు సమాజం మేనేజరు తెర ముందుకొచ్చి, 'తప్పులున్నచో పెద్దలు మన్నించవలెను' అని చేతులు జోడించడం అన్ని ఊళ్ళలో ఉన్న ఆచారమే. మా సమాజంలో నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ అది జరగలేదు. ఆవిడ తెర వెనక వంగి రంగం చెక్కని తాకి కళ్ళకద్దుకునేది. అంతే. జనానికి చేతులు జోడించేది కాదు. ఎందుకని అడిగితే ముసలితనంలో కూడా అదే జవాబు.

"తప్పు చేస్తే అప్పుడు అడుగుతానే. చెయ్యకముందే అడగడమెందుకు? అడిగితే చేస్తానని ఒప్పుకున్నట్టేగా?"

అద్దె ఇంట్లో, వసారాలో నులకమంచం మీద కూర్చుని ఆవిడ నాకు పద్యం చెప్పేది. నేర్పిన మొదటి పాఠం రాగం కాదు. "చివరి వరసలో బీడీ కాలుస్తూ ఒకడు కూర్చుంటాడు. వాడికి వినిపించాలి. ముందు వరస పెద్దమనుషుల సంగతి తర్వాత." మైకు లేని కాలంలో తయారైన గొంతు అది. నేను అరిస్తే వీధి చివర కిళ్ళీ కొట్టు వాడు చెయ్యి ఊపేదాకా నన్ను వదిలేది కాదు.

అమెరికా వచ్చినప్పుడు నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. చదువుకోవచ్చు. కార్ల కంపెనీలు మనుషుల్ని గుంపులు గుంపులుగా ఇళ్ళకి పంపుతున్న ఆ చలికాలంలో, ఇంట్లో కూర్చుని మంచు చూడటం కంటే నయమని దగ్గర్లోని కాలేజీలో సాయంత్రం క్లాసు ఒకటి తీసుకున్నాను. ఇంగ్లీషు రంగస్థల చరిత్ర. నాటకాల కుటుంబం మాటలు అక్కడైనా వినిపిస్తాయని ఆశ.

వినిపించాయి. లండన్లో చాలాకాలం ఆడ వేషాలు మగపిల్లలే వేసేవారట. గొంతు పగిలే దాకా రాణులు, పగిలాక సైనికులు. మూతపడ్డ నాటకశాలలు కొత్త రాజు వచ్చాక తెరిచినప్పుడు ఆడవాళ్ళు రంగం ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే వాళ్ళని చూడటానికి వచ్చినవాళ్ళే వాళ్ళని చెడ్డవాళ్ళన్నారు. మగ దుస్తుల్లో వచ్చే పాత్రలైతే మరీనూ. కాళ్ళు చూడటానికి టిక్కెట్టు కొని, కాళ్ళు చూపించిందని ఇంటికెళ్ళి తిట్టడం. ఆ భాగం చదువుతుంటే మా వీధి గుర్తొచ్చింది.

ఆ తర్వాతి వారం ఒక రచయిత్రి గురించి పాఠం. నాటకాలు రాసి, ఆ సంపాదనతో బతికిన తొలి ఇంగ్లీషు ఆడవాళ్ళలో ఒకామె. మా ప్రొఫెసరు పెద్దాయన, మంచివాడు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా రంగురంగుల సస్పెండర్లు వేసుకుంటాడు. బల్ల అంచు మీద కూర్చుని, "ఈమెది చాలా రంగులున్న జీవితం" అని మొదలుపెట్టాడు. గూఢచారిగా పనిచేసిందట. జైలు దాకా వెళ్ళిందట. ఫలానావాడితో సంబంధమట. ఆమె నాటకాలు ఆమె రాయలేదని, ఎవరో స్నేహితుడు రాసిచ్చాడని ఆ రోజుల్లో పుకారట. క్లాసు నవ్వింది. నాటకాల దగ్గరికి వచ్చేసరికి బయట పార్కింగ్‌లో కార్లు స్టార్ట్ అవుతున్నాయి.

నేను చెయ్యి ఎత్తాను.

"పోయిన వారం ఆ కాలం మగ రచయితల గురించి చెప్పారు. వాళ్ళు ఎవరితో తిరిగారో నాకు ఇంతవరకు తెలియదు. నాటకాలు మాత్రం తెలిశాయి. ఈమె విషయంలో తలకిందులైంది."

ఆయన నొచ్చుకోలేదు. "ఆమె జీవితం ఆసక్తికరమైంది, అందుకే."

"నాటకాలు కావా?"

బల్ల మీంచి దిగి, "సరే, వచ్చే వారం నువ్వు చెప్పు. నాటకాల గురించే చెప్పు" అన్నాడు.

లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. పాత ఇంగ్లీషు, సగం అర్థం కాలేదు. కానీ రంగం మీద ఏం జరుగుతోందో మాత్రం అర్థమైంది. ఏ తలుపులోంచి ఎవరు రావాలో, ఎవరు ఎవరి మాట చాటునుంచి వినాలో, ఆడపిల్ల మగ దుస్తులు వేసుకుని తనకి కుదిర్చిన పెళ్ళిని ఎలా తప్పించుకుంటుందో. రంగం తెలిసిన చెయ్యి అది. స్నేహితుడు ఇంట్లో కూర్చుని రాసిచ్చే రకం కాదు.

ఇంకొకటి కూడా చదివాను. అప్పట్లో అక్కడా నాటకానికి ముందు ఒకరు తెర ముందుకొచ్చి పద్యంలో నాలుగు మాటలు చెప్పడం ఆచారం. ఎక్కువగా అది బతిమాలుకోవడమే. దయ చూపండి, ఈలలు వేయకండి అని. ఈమె చాలాసార్లు ఆ చోటుని దెబ్బలాటకి వాడుకుంది. నాటకంలో బూతుందని అన్నవాళ్ళని, ఇదే మాట మగవాడు రాస్తే మీకు వినపడలేదేమని నిలదీసింది. లైబ్రరీలో కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. నాయనమ్మ పక్కన వచ్చి కూర్చున్నట్టనిపించింది.

నా వంతు వచ్చిన రోజు ఆమె జీవితం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చివర్లో ఒక కుర్రాడు అడిగాడు. "ఇంతకీ ఆవిడకి ప్రియులున్నారా?"

"నాటకాల్లో బోలెడుమంది. నువ్వు ఏ నాటకం సంగతి అడుగుతున్నావు?"

ప్రొఫెసరు అందరికంటే గట్టిగా నవ్వాడు. తర్వాత వచ్చిన బ్యాచికి ఆయన నాటకాలతోనే మొదలుపెట్టాడని విన్నాను. నిజమో కాదో తెలియదు.

ఆ ఊపులో నా నాటకం రాశాను. ట్రాయ్‌లో పెళ్ళిచూపులు. అమ్మాయి, పెళ్ళికూతురి పిన్ని కొడుకునని చెప్పుకుని, సూటు వేసుకుని, మీసం అంటించుకుని, పెళ్ళికొడుకు ఉండే అపార్ట్‌మెంట్‌కి ముందురోజే వెళ్తుంది. మగవాళ్ళిద్దరమే కదా అని అతను మనసులో ఉన్నదంతా కక్కేస్తాడు. మర్నాడు పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి పెద్దల ఎదుటే అతని మాటలు అతనికి అప్పజెప్పి, నాకు ఈ సంబంధం వద్దంటుంది. పిన్ని కొడుకు వేషంలో ఉన్నప్పుడు పాడటానికి పాతకాలం పద్ధతిలో ఒక ఆటవెలది కూడా పెట్టాను.

కారు కొన్నవాడు కాపురం చేయునా?
అన్నమొండ రాదు, అద్దె కొంప;
పెళ్ళిచూపులందు పెద్ద మాటలు చెప్పు;
మీసమున్న చాలు, మేలు వరుడు!

పెళ్ళికొడుకు వేషానికి మగవాళ్ళని అడిగాను. అందరూ సినిమా డాన్స్ ప్రాక్టీసులో బిజీ. చివరికి మాస్టర్స్ చదువుతున్న ఒక వరంగల్ అమ్మాయి ముందుకొచ్చింది. మా బేస్‌మెంట్‌లో రిహార్సల్స్. హాలోవీన్ వేషాల పండక్కి అమ్ముడుపోక మిగిలిన సరుకులో దొరికిన ప్యాకెట్‌లో రెండు మీసాలున్నాయి. గుబురుది ఆమె తీసుకుంది, సన్నది పెళ్ళికూతురు వేషం వేసే నాకు.

"అక్కా, గిది పెట్టుకుంటే మా బాపు లెక్కనే ఉన్న. ఫొటో తీసి పంపిస్తే నాకు అక్కడనే సంబంధం జూస్తడు."

ఆమెకి రంగస్థలం కొత్త. అయినా పెళ్ళికొడుకుగా కాలు మీద కాలు వేసుకుని సోఫాలో వాలిన తీరు చూసి మెట్ల మీద నిలబడ్డ మా ఆయన, "అచ్చం మా రూమ్మేటే" అన్నారు.

ఫ్లయర్ వచ్చింది ఇదంతా అయ్యాకే. నేను సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ చేశాను. ఆయన చాలా ఏళ్ళుగా ఇక్కడ స్థిరపడ్డ ఇంజనీరు, అందరికీ అన్నయ్య గారు. మర్నాడు స్వయంగా ఇంటికొచ్చారు. టీ ఇచ్చాను.

"అమ్మా, ఫ్లయర్ సంగతి పొరపాటే. ఒప్పుకుంటున్నా. ప్రింట్ అయిపోయినవాటిని ఏం చెయ్యలేం. స్టేజి మీద మీ పేరు అనౌన్స్ చేస్తాం. కాకపోతే ఒక చిన్న రిక్వెస్టు."

"చెప్పండి."

"ఆ పద్యం తీసేస్తే బాగుంటుంది. మన బ్యాచిలర్స్ హర్ట్ అవుతారు."

"హర్ట్ అయితే అన్నం వండటం నేర్చుకుంటారు అన్నయ్య గారూ."

మా ఆయనకి టీ పొలమారింది.

"సరే, పద్యం ఉంచుకోండి. నాటకం ముందు మీరొచ్చి, ఇది సరదాకి చేస్తున్నది, ఎవర్నీ ఉద్దేశించింది కాదు, ఆడపిల్లలం మగ వేషాలు వేస్తున్నాం, తప్పులుంటే పెద్దలు మన్నించండి అని రెండు ముక్కలు చెప్పేయండి. అందరూ చెప్పేదే కదమ్మా. మన సంప్రదాయం."

"కిందటేడు మన అబ్బాయిలు చీరలు కట్టుకుని స్కిట్ వేశారు. అప్పుడు మన్నించమని ఎవరూ అనలేదే?"

"అది కామెడీ అమ్మా."

"ఇదీ కామెడీయే."

ఆయన కప్పు కింద పెట్టారు. గొంతు మెత్తగానే ఉంది. "మీ ఇష్టం. కానీ ఆ రెండు ముక్కలు లేకపోతే కమిటీలో పేరు మార్పు పాస్ చేయించడం కష్టం. ఫ్లయర్‌లో ఉన్నదే చదువుతాం. ఆలోచించుకోండి."

అంటే బేరం. నా పేరు కావాలంటే నేను క్షమాపణ చెప్పాలి. చెప్పకపోతే నాటకం మా ఆయనది.

ఆయన వెళ్ళాక మా ఆయన ఖాళీ కప్పులు తీస్తూ అన్నారు.

"రెండు ముక్కలేగా. అనేస్తే పేరు నీకు వచ్చేస్తుంది."

"మా నాయనమ్మ ఆ రెండు ముక్కలు అని ఉంటే చుట్టాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవారేమో. అనలేదు. ఆవిడ అనని మాట నేను ఒక ఫ్లయర్ కోసం అంటానా?"

"మరి పేరు?"

"పేరు వాళ్ళిచ్చేది కాదు. రాసినప్పుడే వచ్చింది."

అలా అన్నాను గానీ, పేరు ఒద్దని కాదు. కావాలి. చాలా కావాలి. ఊరు మొత్తం ఒక తప్పుడు మాట నమ్మితే ఆ మాట మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుందని నాకు తెలుసు. నాయనమ్మ పోయింది. 'ఇల్లు గుల్ల చేసింది' అన్న మాట పోలేదు. లండన్‌లో ఆ రచయిత్రి పోయి ఎన్ని తరాలైందో. 'ఎవరో రాసిచ్చారట' అన్న మాట మిషిగన్‌లో సాయంత్రం క్లాసు దాకా నడిచొచ్చింది.

రిహార్సల్‌లో వరంగల్ అమ్మాయికి సంగతి చెప్పాను.

"ఎందుకు జెప్పాలక్కా సారీ? మనమేమన్న తప్పు జేసినమా? ఇంక నాటకం మొదలే గాలె."

నాయనమ్మ మాటే, వరంగల్ యాసలో.

ఉగాది కార్యక్రమం ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. బయట ఇంకా కరగని మంచు, లోపల పులిహోర వాసన. భోజనాలు కెఫెటేరియాలో. చిన్నపిల్లల డాన్సులు అనుకున్నదానికంటే సాగాయి. మా నాటకం సరిగ్గా భోజనానికి ముందు పడింది. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు, పిల్లల్ని చూసి పోదామని ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ, వెనక వరసల్లో కూర్చున్నారు. పట్టుచీరల మీద స్వెట్టర్లు, పంచెల కింద స్పోర్ట్స్ షూస్. ముందు వరసలు స్పాన్సర్లకి.

నేను సూటులో, మీసంతో తెర వెనక నిలబడ్డాను. ప్రెసిడెంటు గారు మైకు అందుకున్నారు.

"ఇప్పుడు ఒక చిన్న హాస్య నాటిక. రచన శ్రీ..." అని మా ఆయన పేరు చదివారు. "మన ఆడపడుచులు మొదటిసారి సరదాగా ప్రయత్నం చేస్తున్నారు. మగ వేషాలు కూడా వాళ్ళే వేస్తున్నారు. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించమని వాళ్ళ తరఫున నేను కోరుతున్నాను. నాటిక అవుతుండగానే కెఫెటేరియాలో భోజనాలు మొదలవుతాయి."

నేను అడగనన్నది నా తరఫున ఆయన అడిగేశారు. నాకు రాదన్న పేరు మా ఆయనకి ఇచ్చేశారు. పక్కనున్న వరంగల్ అమ్మాయి, "అక్కా" అంది. అంతే అంది.

వంగి చెక్కని తాకాను. కళ్ళకద్దుకున్నాను. తెర పక్కకి తోసి ముందుకి నడిచాను. సూటు వేసుకున్న మీసాల మనిషి ఒకడు వచ్చి మైకు ముందు ఆడ గొంతుతో మాట్లాడేసరికి వెనక వరసల్లో నవ్వులు పుట్టాయి.

"నమస్కారం. ఈ నాటకం రాసింది నేను. మా ఆయన కాదు. కావాలంటే అడగండి, మూడో వరసలో ఉన్నారు."

తలలన్నీ తిరిగాయి. మా ఆయన లేచి నిలబడ్డారు. చేతులు రెండూ పైకెత్తి, "నాది కాదండీ బాబూ! మా ఆవిడదే. నాకు సంతకం తప్ప ఏమీ రాయడం రాదు" అన్నారు. ఆ రోజు ఆయన మీద ఉన్న కోపం అక్కడితో పోయింది.

"ప్రెసిడెంటు గారు అడిగిన క్షమాపణ ఆయనది. మేం ఇంకా ఏ తప్పూ చేయలేదు. చేశాక మీకు నచ్చకపోతే, నచ్చలేదని గట్టిగా చెప్పండి, వింటాం. భోజనం నాటకం అయ్యాక కూడా వేడిగానే ఉంటుంది."

తెర వెనక్కి వెళ్ళాను. నాటకం మొదలైంది.

అందరూ ఉన్నారని అబద్ధం చెప్పను. ముందు వరసల్లో కొందరు లేచి ప్లేట్ల కోసం వెళ్ళిపోయారు. కమిటీలో ఇద్దరు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మిగిలినవాళ్ళు నవ్వారు. వరంగల్ అమ్మాయి సోఫాలో వాలి, "నాకు వైఫ్ అంటే, మోడర్న్‌గా ఉండాలి, కానీ మా అమ్మ మాట వినాలి" అన్నప్పుడు బ్యాచిలర్స్ కూర్చున్న మూల నుంచే ఎక్కువ గోల వచ్చింది. హర్ట్ అయినవాళ్ళ గోల కాదు అది.

పద్యం వచ్చింది. నాయనమ్మ పద్ధతిలోనే, ఆఖరి పాదం దగ్గర రాగం చాలాసేపు లాగాను. 'మేలు వరుడు' అని మీసం మెలేశాను. మీసం ఒక పక్క ఊడి వేలాడింది. దాన్ని వేలితో పట్టుకునే రాగం ముగించాను.

వెనక వరసలోంచి ఒక తాతగారు లేచారు. మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నారు.

"వన్స్‌మోర్!"

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఆయన పక్కనున్న పెద్దావిడ, "అవునమ్మా, వన్స్‌మోర్! పద్యమంటే అదీ!" అంది. ఇంకో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ మాటేమిటో తెలియక మొహాలు చూసుకున్నారు. తెలిసినవాళ్ళకి తెలుసు. వన్స్‌మోర్ అంటే పాడాలి. నాటకం ఆగాలి, చచ్చిపోయిన పాత్ర అయినా లేచి పాడాలి. అది జనం హక్కు.

గోడ పక్క నుంచి కమిటీ ఆయన గడియారం చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన సౌండ్ టేబుల్ వైపు వెళ్ళాడు. ఒక్క క్షణంలో నా మైకు పోయింది. నా నోరు మూయించాలనే ఆపారో, టైమైపోయి ఆపారో, ఇప్పటికీ నాకు తెలియదు. తేడా ఏమీ లేదు.

ఆ ఆడిటోరియం చివరి వరసలో బీడీ కాల్చేవాడు లేడు. మంకీ క్యాప్ పట్టుకున్న తాతగారున్నారు. ఆయన్ని చూస్తూ ఎత్తుకున్నాను. కిళ్ళీ కొట్టు దాకా వినిపించాల్సిన గొంతుకి ఒక హైస్కూల్ హాలు ఎంత. కెఫెటేరియాలో ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారని తర్వాత చెప్పారు. ఆఖరి పాదం దగ్గర తాతగారు కూడా చెయ్యి గాల్లో ఊపుతూ రాగం అందుకున్నారు. మీసం ఈసారి పూర్తిగా ఊడి కింద పడింది. తీయలేదు. మీసం లేకుండానే ముగించాను.

మంగళం అయ్యాక నేను జనానికి చేతులు జోడించలేదు. తల నిటారుగా పెట్టి నిలబడ్డాను. వరంగల్ అమ్మాయి నన్ను చూసి తనూ అలాగే నిలబడింది.

కెఫెటేరియాలో ప్రెసిడెంటు గారు నా దగ్గరికి వచ్చారు. చేతిలో గులాబ్ జామూన్ కప్పు.

"బాగానే చేశారమ్మా. కానీ ముందు అలా మాట్లాడకుండా ఉండాల్సింది. మా పరువేం కాను? వచ్చే ఏడు స్లాట్ ఇవ్వడం కష్టమే."

"నేను అడగను కదా అన్నయ్య గారూ."

"ఇంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నాటకాల వాళ్ళమండీ మేము," అన్నాను. నా జీవితంలో ఆ మాట పదిమందిలో గట్టిగా అనడం అదే మొదలు. మా వీధిలో అది తిట్టు. ఆ కెఫెటేరియాలో, పులిహోర వాసన మధ్య, అది మా ఇంటిపేరులా పలికింది.

మరుసటి ఏడు స్లాట్ రాలేదు. ఊరి లైబ్రరీలో మీటింగ్ గది తీసుకున్నాం. తెర లేదు, మైకు లేదు, మడత కుర్చీలు. కొత్త నాటకం, కొత్త ఫ్లయర్. మా ఆయన కూర్చుని కంప్యూటర్‌లో తయారుచేశారు. రచన అన్న చోట నా పేరు పెద్దగా పెట్టారు. నా పేరు కింద నాయనమ్మ పేరు రాయించాను, 'పద్యం నేర్పినది' అని. దాని కింద ఆయన తన పేరు చిన్న అక్షరాల్లో పెట్టుకున్నారు. 'రచయిత్రి గారి భర్త' అని.

నాటకానికి ముందు ఎవరూ మాట్లాడలేదు. ఆ గదిలో కింద కార్పెట్టు. వంగి దాన్నే తాకాను.